కప్పకారు బేరింగు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలు వీధికి నాలుగున్నాయి. వాటి యజమానుల ఇళ్ల ముందు రకరకాల కార్లున్నాయి. కానీ ఎక్కి కూర్చుంటే రోడ్డు మీదే కూర్చున్నామా అనిపించేంత కిందికుండే కారు, ఆ ఊరు మొత్తానికి సూర్యప్రకాష్ ఒక్కడికే ఉంది. పాత జర్మనీ బండి. రెండే సీట్లు. బానెట్ ఎత్తితే ఇంజను కనపడదు, ఒక గుంట కనపడుతుంది. ఇంజను సీట్ల వీపు వెనకెక్కడో ఉంటుంది. గుండ్రటి లైట్లు రెండూ ఆకాశంలోకి చూస్తుంటాయి. ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్లు మొదటిరోజే దానికి కప్పకారని పేరు పెట్టారు. ఊళ్లో అందరికీ ఆ పేరే ఖాయమైంది.

సూర్యప్రకాష్ అవసరం లేని వస్తువు కొనే మనిషి కాడు. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఉద్దానంలో వాళ్ల తోట తోటంతా నేలకొరిగింది. కొబ్బరిచెట్లు విరిగాయి, జీడిచెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. పడిన మానులు కోయించి, మళ్లీ మొక్కలు నాటించి, ఫ్యాక్టరీ మీద ఎగిరిపోయిన రేకులు వేయించేసరికి ఏళ్లు గడిచాయి. అప్పటి నుంచి అతనికో జబ్బు పట్టుకుంది. ఏ వస్తువుని చూసినా అది ఎప్పుడు, ఎలా పోతుందన్నదే కనపడేది. రేకుల బోల్టులు తుప్పు పట్టకముందే మార్పించేవాడు. జీడిపిక్కలు ఉడికించే బాయిలర్‌కి గడువు రాకముందే వాల్వులు తెప్పించేవాడు. ఒక జనరేటర్ ఉండగానే రెండోది కొన్నాడు. మూడు నెలలకోసారి తన రక్తం తను పరీక్ష చేయించుకునేవాడు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషికి అది మామూలే, కానీ రిపోర్టు బాగున్నా అతని మొహం మాత్రం బాగుండేది కాదు. నిద్రలో కూడా ఏదో బోల్టు బిగిస్తూనే ఉంటారని భార్య ప్రమోదిని అనేది.

అలాంటి మనిషి ఒకరోజు బాయిలర్ ఇన్సూరెన్స్ పని మీద విశాఖపట్నం వెళ్లి, ఒక అపార్టుమెంటు కింద అమ్మకానికి పెట్టిన ఈ కారుని చూశాడు. నేవీలో పనిచేసి రిటైరైన ఆయనది. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ఒక కాఫీ తాగి వచ్చి మళ్లీ తిరిగాడు, కొనేశాడు. ఎందుకు కొన్నావని తర్వాత చాలామంది అడిగారు. అవసరం లేదు కాబట్టి కొన్నానంటే ఎవరు నమ్ముతారు?

ప్రమోదిని వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆదివారం పొద్దున్న, అంత పోసి కొన్నారు కదా, కూర్చుని చూస్తానంది. కూర్చుంది. టెక్కలి దాకా హైవే మీద వెళ్లి, అక్కడ ఇడ్లీ తిని, నౌపడ ఉప్పుమడుల మధ్య నుంచి భావనపాడు సముద్రం దాకా పోయి, ఎండెక్కకముందే తిరిగొచ్చారు. వల ఎండబెడుతున్న ముసలాయన ఒకడు కారుని చూసి, ఇందులో చేపలు పట్టవు కదా అన్నాడట. ఆ మాటకి ప్రమోదిని ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. మరుసటి ఆదివారం తనే ముందు తయారైంది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఇంటి వెనకే ఫ్యాక్టరీ. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు తలుపు కొట్టి, అయ్యగారూ అనేవారు. ఆడపిల్లలిద్దరూ చదువులకి హాస్టళ్లకి వెళ్లిపోయినా ఇల్లు ఖాళీ అయినట్టు ఎప్పుడూ ఉండేది కాదు. ఈ బండిలో మూడో మనిషికి చోటు లేదు. వాళ్లు పెద్దగా మాట్లాడుకునేవారని కాదు. పైకప్పు తీసేస్తే గాలికి మాటలు వినపడవు కూడా. కొంగు చెవుల చుట్టూ బిగించుకుని ఆవిడా, స్టీరింగ్ మీద చేతులేసుకుని ఇతనూ అలా పోయేవాళ్లు. అంతే.

గొడవ ఒక సర్వీసుతో మొదలైంది.

ఏడాదికోసారి కారుని విశాఖపట్నంలో కిరణ్ కుమార్ అనే అతని దగ్గరికి తీసుకెళ్లేవాడు సూర్యప్రకాష్. విదేశీ బళ్లు బాగుచేసే చిన్న గ్యారేజీ అతనిది. మంచివాడు, మాట సాఫీగా ఉంటుంది. ఆ ఏడు ఆయిల్ మార్చాక అతను సూర్యప్రకాష్‌ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. టీ ఇప్పించాడంటేనే ఏదో ఉందని సూర్యప్రకాష్‌కి తెలిసిపోయింది.

ఆ సంవత్సరాల్లో తయారైన ఆ రకం ఇంజన్లలో లోపల ఒక షాఫ్ట్ ఉంటుంది. దాని చివర బేరింగ్ ఒకటి ఉంటుంది. కొన్ని బళ్లలో ఆ బేరింగ్ పోతుంది. పోయేముందు చప్పుడు చేయదు, లైటు వెలగదు, పొగ రాదు. పోయిందంటే లోపలున్న ఇనుమంతా ఒకదానికొకటి కొట్టుకుని ఇంజనే పోతుంది. ఇదంతా చెప్పి కిరణ్ కుమార్, తానేమీ తప్పు కనిపెట్టలేదని, ఆయిల్‌లో ఇనప రజను కూడా లేదని కూడా చెప్పాడు.

"భయపెట్టాలని చెప్పట్లేదు సార్. చాలా బళ్లకి ఏమీ కాదు. మీది ఏ లెక్కలో ఉందో విప్పితే గానీ తెలీదు. విప్పాక మార్చకుండా మూసేయడం దండగ" అన్నాడు.

విప్పాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది దించాక క్లచ్ కూడా మార్చుకోవడం తెలివైన పని. ఆయిల్ సీలు కూడా. ఖర్చు ఎంతవుతుందో అతను కాగితం మీద రాసి చూపించాడు. కారు అమ్మితే వచ్చేదానికి అది దగ్గర దగ్గరగా ఉంది. సూర్యప్రకాష్ ఆలోచించి చెప్తానన్నాడు.

పలాస దాకా ఆ రోజు అతను కారు నడపలేదు, విన్నాడు. వీపు వెనక ఇంజను ఎప్పటిలాగే మోగుతోంది. అదే చప్పుడు నిన్నటిదాకా హాయిగా ఉండేది. ఇప్పుడు ప్రతి గేరుకీ అందులో తేడా వెతుకుతున్నాడు. కిరణ్ కుమార్ చప్పుడు చేయదని చెప్పాడు కదా, మరి వినడమెందుకు అని తనని తనే కోప్పడ్డాడు. అయినా విన్నాడు.

తర్వాతి ఆదివారం భావనపాడు వెళ్లలేదు, టెక్కలి నుంచే వెనక్కి తిరిగారు. ఆపై ఆదివారం కాశీబుగ్గ దాటలేదు. ఆ తర్వాత అతను కారు మీద కవరు కప్పి, షెడ్డులో జనరేటర్ పక్కన పెట్టేశాడు. ఏదో ఒకటి తేల్చుకునేదాకా తిప్పకపోతే బేరింగ్ అరగదు కదా అనుకున్నాడు.

తేల్చుకోవడం మాత్రం అవలేదు. కాశీబుగ్గలో టైర్లూ బ్యాటరీలూ చూసే ఢిల్లీబాబుని అడిగాడు. బాగా నడిచే ఇంజన్ని విప్పితే పడుకున్న పాముని లేపినట్టేనని ఢిల్లీబాబు గట్టిగా చెప్పాడు. అంతలోనే, ఈ ఇంజను తానెప్పుడూ చూడలేదని, నిజానికి అది ఎటువైపుందో కూడా మొన్నటిదాకా తెలీదని ఒప్పుకున్నాడు. ఫోనులో చదివితే సగం మంది మార్చుకొమ్మన్నారు, సగం మంది అదంతా గ్యారేజీల వాళ్ల ఎత్తన్నారు. రాత్రి ఒకటి తేల్చుకునేవాడు, పొద్దున్నకి రెండోది సరైనదనిపించేది. ఫ్యాక్టరీకి రేకులో, బాయిలరుకి గొట్టమో అయితే ఇంత ఆలోచించేవాడు కాడు. అవి పోతే వందమందికి పని పోతుంది. ఇది పోతే ఎవరికీ ఏమీ పోదు. ఆ సంగతి తెలిసే అతను అంతగా అలిసిపోయాడు. ఒక్క వస్తువైనా దాని మానాన అది ఉండి, తన మానాన తనని ఉండనిస్తుందనుకున్నాడు. అదీ వచ్చి మిగతావాటి వరసలో నిలబడింది.

సూర్యప్రకాష్ అన్న తవిటయ్య ఉద్దానంలో సొంతూళ్లోనే ఉంటాడు, తోట చూసుకుంటూ. చూసుకోవడమంటే ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చోవడమే. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. కాబట్టి తమ్ముడి డబ్బుతో అన్నకి పనేమీ లేదు. బండి పంపడం, అప్పుడప్పుడు మంచం పక్కన కూర్చోవడం, అంతకు మించి సూర్యప్రకాష్ చేయగలిగింది లేదు. ఒకరోజు అలా కూర్చున్నప్పుడు, ఏటిరా మొహం అలా ఉందని అన్న అడిగితే కారు సంగతి చెప్పాడు. చెప్పాక సిగ్గేసింది. అన్న చేతికి గొట్టాలున్నాయి, తను బేరింగ్ గురించి మాట్లాడుతున్నాడు.

తవిటయ్య నవ్వలేదు, కోప్పడలేదు.

"ఒరే సూరీ, ఇరవయ్యేళ్ల కిందట ఎవులైనా వచ్చి, తవిటయ్యా, నీ కిడ్నీలు పోతాయేమో, ఖాయం కాదు గానీ పోవచ్చు, ఇప్పుడే ఇంత కరుసెట్టీ అంటే, నాను ఎట్టుదునా?"

ఏమో, పెట్టేవాడివేమో అన్నాడు సూర్యప్రకాష్.

"ఎట్టకపోదును. నాకు తెల్సు. ఆ డబ్బెట్టి తోటలో ఇంకో బోరు యేయించుదును." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అలాగని నిన్ను ఎట్టమనీ అనను, ఎట్టొద్దనీ అనను. నన్నడక్కు. ఇక్కడ పడుకుని నాను ఏటి సెప్పినా అది నా సొదే అయిపోద్ది."

తర్వాత కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని సూర్యప్రకాష్ లేవబోతుంటే కళ్లు తెరవకుండానే, కారు అలా మూలన పెట్టీసి దాని గురించి బెంగెట్టుకోవడం మాత్రం తనకి అర్థం కాలేదన్నాడు.

ఆ వారంలోనే కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు, ఏమనుకున్నారని. ఇంకా ఏమీ అనుకోలేదని, బండి తిప్పకుండా జాగ్రత్తగా పెట్టానని సూర్యప్రకాష్ చెప్పాడు. అలా పెట్టడమే మంచిది కాదని, నిలబెట్టేసిన బళ్లలోనే ఆయిల్ ఆడక ఆ బేరింగ్ ఇంకా తొందరగా పాడవుతుందని, ఇది ముందే చెప్పాల్సిందని కిరణ్ కుమార్ నొచ్చుకున్నాడు.

సూర్యప్రకాష్ ఫోను బల్ల మీద పెట్టేశాడు. ఇన్నాళ్లూ కాపాడుతున్నాననుకుంటూ పాడుచేశాడన్నమాట. కోపం రావాలి, రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. అమ్మేద్దామనుకున్నాడు. ప్రమోదినితో అదే చెప్పాడు. ఎవరైనా కుర్రాళ్లు కొనుక్కుంటారు, బేరింగ్ సంగతి చెప్పే అమ్ముతాను, వాళ్ల తిప్పలేవో వాళ్లు పడతారు అన్నాడు.

ప్రమోదిని మర్నాటి పిండి కలిపి మూత పెడుతోంది. చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏటండీ, మూడు నెల్లయింది. దాన్ని వాడడం నేదు, బాగు సేయించడం నేదు. ఇప్పుడు అమ్మెత్తానంటన్నారు. అమ్మీసిన తర్వాత ఆదివారం మనం ఏటి సేత్తాం?"

వేరే కారుందిగా, అందులో వెళ్దామన్నాడు.

"అందులో ఎనకాల సీటుంది. మీరు బండి తీత్తే సాలు, ఎవురో ఒకరు కోటబొమ్మాళిలో దింపీమంటారు." ఆవిడ గొంతు పెంచలేదు. "నాకు ఆ కారు మీద మోజేటీ నేదు. నడుం నొప్పి అది. మీ పక్కన కూకోడానికి నాకు ఇంకో సోటు నేదు, అంతే."

సూర్యప్రకాష్ ఆవిడ మొహం వంక చూశాడు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడ ఇలాంటి మాట అన్నట్టు అతనికి గుర్తులేదు. ఇంత పెట్టి బాగుచేయిస్తే తిరిగి పైసా రాదని మాత్రం అన్నాడు. ఆదివారం ఇడ్లీ తిన్న డబ్బులు తిరిగొస్తాయా అంది ప్రమోదిని. లేచి వెళ్లి పిండి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టింది.

మర్నాడు అతను కిరణ్ కుమార్‌కి ఫోన్ చేసి సరేనన్నాడు. నిర్ణయం తీసుకున్న బలమేమీ అతనిలో కనపడలేదు. మోస్తున్న మూటని దగ్గర్లో దొరికిన గట్టు మీద దించినట్టు చెప్పాడు.

కారుని లారీ మీద ఎక్కించి పంపారు. ఇక ఫోన్లు మొదలయ్యాయి. గేర్‌బాక్స్ దించాం సార్, ఎలాగూ దించాం కదా, ఈ మౌంట్లు కూడా చూడండి, రబ్బరు పగిలింది. ఎలాగూ విప్పాం కదా, వాటర్ పంపు కూడా వయసైపోయింది. ప్రతి మాటకీ సూర్యప్రకాష్ ఫ్యాక్టరీలో నిలబడి ఒక చెవి మూసుకుని సరే సరే అన్నాడు. నాలుగోసారి మాత్రం, ఏది మార్చకపోతే ఆ బండి రోడ్డు మీద ఆగిపోతుందో అదే మార్చమని, మిగతావి పోయినప్పుడు చూద్దామని చెప్పాడు. చెప్పాక తనకే వింతగా అనిపించింది. పోయినప్పుడు చూద్దాం అన్న మాట తన నోట ఎన్నేళ్ల తర్వాత వచ్చిందో.

అంతా బిగించడానికి ముందు ఒకసారి వచ్చి చూసుకోమన్నాడు కిరణ్ కుమార్. సూర్యప్రకాష్, ప్రమోదిని పలాసలో రైలెక్కి వెళ్లారు. గ్యారేజీలో కారు ఇనప చేతుల మీద పైన నిలబడి ఉంది, కింద దాని పేగులన్నీ బయటికి తీసి గుడ్డల మీద పేర్చినట్టు వరసగా పెట్టారు. కొత్త బేరింగ్ అప్పటికే లోపల బిగించేశారు. పాతది తెచ్చి కిరణ్ కుమార్ సూర్యప్రకాష్ చేతిలో పెట్టాడు. గారె అంత ఉంది, మధ్యలో చిల్లుతో సహా.

తిప్పి చూశాడు. తిరిగింది. విరగలేదు, పగల్లేదు. విరిగి ఉంటే బాగుండునని అప్పుడు తెలిసింది అతనికి.

"బాగానే ఉన్నట్టుందే" అన్నాడు.

కిరణ్ కుమార్ దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. కొద్దిగా గరుకుగా ఉందన్నాడు. సీలు కాస్త గట్టిపడిందన్నాడు. ఇంకెన్నాళ్లు నడిచేదని సూర్యప్రకాష్ అడిగితే నిజాయితీగానే చెప్పాడు, పదేళ్లు నడిచేదేమో, మీరు ఇంటికెళ్లే లోపే పోయేదేమో, చూసి చెప్పగలిగేవాళ్లు లేరని.

సూర్యప్రకాష్ తల ఊపాడు. ఇంత ఖర్చుపెట్టినందుకు చూపించుకోవడానికి ఒక పగులు కూడా దొరకలేదు. మోసపోయానని పోట్లాడటానికీ ఏమీ లేదు. ముందే చేయించే పనుల తీరే ఇంత, ఏమీ జరగదు, జరగనిదాన్ని ఎవరికి చూపిస్తాం అనుకున్నాడు. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ప్రమోదిని ముందుకొచ్చింది.

"బాబూ, ఇంక ఈ బేరింగ్ గురించి ఆయన ఆలోచించక్కర్లేదా?"

"దాని గురించి అక్కర్లేదమ్మా. కూలెంట్ పైపులు మాత్రం వచ్చే ఏడు..."

"అవి కాదు. దీని గురించి."

"అక్కర్లేదు" అన్నాడు కిరణ్ కుమార్.

"ఐతే సాలు" అంది ఆవిడ.

పాత బేరింగ్ పట్టుకెళ్తారా, చాలామంది దాచుకుంటారు అని కిరణ్ కుమార్ అడిగాడు. సూర్యప్రకాష్ వద్దన్నాడు.

పది రోజుల తర్వాత మళ్లీ ఇద్దరూ వెళ్లి కారు తెచ్చుకున్నారు. మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరారు. మొదట్లో అతను అలవాటు కొద్దీ విన్నాడు. రణస్థలం దాటేవరకు చెవి వెనక్కే ఉంది. శ్రీకాకుళం దగ్గర ప్రమోదిని పెద్దమ్మాయి హాస్టల్ మారతానంటున్న సంగతి ఎత్తింది. ఎందుకు మారడమని ఇతను అన్నాడు, ఇప్పుడున్న గదితో ఇబ్బందులేంటో ఆవిడ వివరించింది, చిన్నగా వాదించుకున్నారు కూడా. నరసన్నపేట ఎప్పుడు దాటిందో అతను చూసుకోలేదు.

కోటబొమ్మాళి దాటాక అతనికి కళ్లు మూతలు పడసాగాయి. పక్కన చింతచెట్టు నీడ కనపడితే బండి అటు దించి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకుంటానన్నాడు. సీటు కాస్త వెనక్కి వాల్చాడు. ప్రమోదిని మంచినీళ్ల సీసా మూత తీసి అందించేలోపే నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. హైవే మీద లారీలు పోతున్న ప్రతిసారీ ఆ చిన్న కారు గాలికి ఊగుతోంది. అయినా అతను కదల్లేదు.

ఫ్యాక్టరీ నుంచి ఆవిడ ఫోనుకి ఫోన్ వచ్చింది. జనరేటర్ వేసినా గ్రేడింగ్ గదికి కరెంటు రావట్లేదని, అయ్యగారిని ఒకసారి ఇమ్మని సూపర్వైజర్ అడిగాడు. అయ్యగారు పనిలో ఉన్నారని, కరెంటు వచ్చేదాకా ఆగమని మెల్లగా చెప్పి పెట్టేసింది. మళ్లీ మోగితే తీయలేదు. చెప్పులు విడిచి కాళ్లు ముందుకి చాపుకుని, ఎదర పొలాల్లో ఊడుపు చేస్తున్న ఆడవాళ్లని చూస్తూ కూర్చుంది. వాళ్లు ఒక మడి పూర్తిచేసి రెండో మడిలోకి దిగారు.

అతను లేచేసరికి ఎండ పసుపుగా మారింది. ఒక్క క్షణం ఎక్కడున్నాడో తెలియనట్టు చూసి, ఎంతసేపు పడుకున్నానని అడిగాడు.

"నాను సూసుకోనేదు" అంది ప్రమోదిని. "నీళ్లు తాగండి. ఎల్దాం."

అతను నీళ్లు తాగి, మొహం తుడుచుకుని, బండి రోడ్డెక్కించాడు.